బల్లకి ఇటుపక్క కుర్చీ: గాడ్‌ఫాదర్ గురించి నాలుగు మాటలు

(ఆదివారం సినిమా వేసే ముందు మా మిత్రమండలిలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది. ఆ, చాలు.

పోయిన ఆదివారం మొదటి భాగం చూశాం, ఇవాళ రెండోది. మధ్యలో ఒక అరగంట నన్ను మాట్లాడమన్నారు. నేను సినిమా పండితుణ్ణి కాదు, ముందే చెప్తున్నా. ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో చేశాను, అందులో సగం కాలం అప్పులిచ్చే సీట్లోనే గడిచింది. ఈ సినిమా గురించి మాట్లాడటానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి చెప్పండి? నవ్వకండి, నిజంగానే అంటున్నా. దీన్ని అందరూ తుపాకుల సినిమా అంటారు, నా మటుకు నాకు ఇది అప్పుల సినిమా. కాగితం ఉండదు, వడ్డీ ఎంతో చెప్పరు, ఎప్పుడు తీర్చాలో తెలీదు, ఎలా తీర్చాలో అసలే తెలీదు. అలాంటి అప్పు.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. గాడ్‌ఫాదర్ అన్న మాట మనం ఎలా వాడతాం? ఆఫీసులో ఎవడికైనా ప్రమోషన్ వస్తే "వాడికేంటండీ, పైన గాడ్‌ఫాదర్ ఉన్నాడు" అంటాం. "నాకు ఇండస్ట్రీలో గాడ్‌ఫాదర్ ఎవరూ లేరు" అని హీరోలు ఇంటర్వ్యూల్లో అంటారు, లేనివాళ్ళూ అంటారు, ఉన్నవాళ్ళూ అంటారు. అంటే మన భాషలోకి వచ్చేసరికి అది వెనకుండి పనులు చేయించే పెద్దమనిషి అయి కూర్చుంది. కానీ ఇక్కడ క్యాథలిక్ కుటుంబాలవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్ళకి అసలు అర్థం తెలుసు. చంటిబిడ్డకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు ఆ బిడ్డకి మాటలు రావు కదా, వాడి తరఫున నిలబడి దేవుడికి మాటిచ్చే మనిషి. జ్ఞానతండ్రి. కన్నతండ్రికి ఏమన్నా అయితే ఆ బిడ్డకి దిక్కుగా ఉంటానని ఒప్పుకున్నవాడు. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

సరే, మొదటి సీను. తెరంతా చీకటి. అమెరికాని నమ్ముకున్నానని ఒక గొంతు వినిపిస్తుంది. తర్వాత ఒక మొహం, బట్టతల, మీసం, కళ్ళ కింద నీడ. పేరు బొనసేరా, శవాలకి అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం. కూతుర్ని ఇద్దరు కుర్రాళ్ళు కొట్టారు, దవడ విరిగింది. పోలీసుల దగ్గరికి వెళ్ళాడు, కోర్టుకి వెళ్ళాడు, జడ్జి మూడేళ్ళ శిక్ష వేసి ఆ చేత్తోనే దాన్ని ఆపేశాడు, కుర్రాళ్ళు అదే రోజు ఇంటికెళ్ళిపోయారు. ఈ కథంతా అతను చెప్తూ ఉంటాడు, కెమెరా వెనక్కి వస్తూ ఉంటుంది. ఎంత నెమ్మదిగా అంటే వస్తున్నట్టు మనకి తెలీదు. దాదాపు 3 నిమిషాలు, ఒకటే షాటు. చివరికి ఎక్కడ ఆగుతుంది? ఒక మనిషి భుజం వెనకాల. ముందు చెయ్యి కనిపిస్తుంది, తర్వాత తల వెనక భాగం. ఆయనే మన పెద్దాయన, డాన్ విటో కొర్లియోనే, న్యూయార్క్‌లో ఒక ఇటాలియన్ మాఫియా కుటుంబానికి పెద్ద. మార్లన్ బ్రాండో వేశాడు ఆ వేషం.

ఇప్పుడు నేనడిగేది ఒకటే. ఆ కెమెరా ఆగిన చోట మనల్ని ఎక్కడ కూర్చోబెట్టినట్టు? అడిగేవాడి పక్కనా, అడిగించుకునేవాడి పక్కనా?

అడిగించుకునేవాడి పక్కన. బల్లకి మేనేజర్ వైపున. సినిమా మొదలై మూడు నిమిషాలైనా కాకుండానే మనం ఆ వైపు వెళ్ళిపోయాం, ఎవరూ మన అనుమతి అడగలేదు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెప్తున్నా, బల్లకి ఇటుపక్క నుంచి చూస్తే మనుషులు వేరేగా కనిపిస్తారు. అప్పుకి వచ్చినవాడు కుర్చీ అంచున కూర్చుంటాడు, వెనక్కి ఆనుకోడు. చేతిలో కాగితాల కవరుంటే దాన్ని రెండు చేతులతో పట్టుకుంటాడు. ఇంకోటి, అప్పు అడగడానికి వచ్చినవాడు ఎప్పుడూ అప్పు గురించి మొదలుపెట్టడు, కూతురి గురించి మొదలుపెడతాడు. మా బ్రాంచిలో ఒక కౌలు రైతు ఉండేవాడు, పావుగంట సేపు కూతురి చదువు, అల్లుడి ఉద్యోగం, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పి, అన్నీ అయ్యాక లేచి వెళ్ళబోతూ "అదేనండీ, ఆ ముప్ఫై వేల సంగతి" అనేవాడు. బొనసేరా చూడండి, అంత కథా గట్టిగా చెప్పినవాడు అసలు కావల్సిందేంటి అంటే లేచొచ్చి చెవిలో చెప్తాడు. మనకి వినపడదు. ఆ సీను రాసినవాడికి ఎవరి దగ్గరన్నా చెయ్యి చాచడం అంటే ఏంటో బాగా తెలుసని నాకు అప్పుడే అనిపించింది.

తెలుసు మరి. నవల రాసిన మారియో పూజో గురించి చెప్తా. ఆయన ఆ నవల రాసేనాటికి నలభై అయిదేళ్ళవాడు, అప్పటికే రెండు నవలలు రాశాడు, మంచి పేరొచ్చింది, డబ్బు రాలేదు. జూదం అలవాటు. చుట్టాలకి, ఫైనాన్స్ కంపెనీలకి, బ్యాంకులకి, బుకీలకి అంతా కలిపి 20,000 డాలర్లు బాకీ ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ రోజుల్లో 20,000 అంటే మామూలు సంగతి కాదు. అప్పు తీర్చడానికి రాసిన నవల అది, 1969లో వచ్చింది. అసలు సిసలు గ్యాంగ్‌స్టర్‌ని ఒక్కణ్ణి కూడా కలవకుండా రాశానని కూడా చెప్పాడు. మరి ఆ పెద్దాయన మాట తీరు ఎక్కణ్ణుంచి వచ్చింది? వాళ్ళమ్మ దగ్గర్నుంచట. డాన్ నోరు తెరిచినప్పుడల్లా నాకు మా అమ్మ గొంతే వినిపించేది అన్నాడు. ఇంట్లో పిల్లల్ని ఒంటి చేత్తో పెంచిన ఇటాలియన్ అమ్మ. మీ ఇళ్ళల్లో చూడండి, గొంతు పెంచకుండా అందరి చేతా పని చేయించే మనిషి ఎవరో. మా ఇంట్లో మా నాయనమ్మ.

ఇక దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. ముప్ఫై రెండేళ్ళ కుర్రాడు అప్పటికి. ఆయనకి ఈ పుస్తకం మొదట నచ్చనే లేదు. ఎందుకు ఒప్పుకున్నాడయ్యా అంటే, స్నేహితులతో కలిసి పెట్టిన అమెరికన్ జోట్రోప్ అనే కంపెనీ పీకల్లోతు అప్పుల్లో ఉంది, వార్నర్ బ్రదర్స్‌కి బాకీ. పక్కనున్న జార్జ్ లూకాస్ ఒప్పుకోమని పోరాడు. కాబట్టి రాసినవాడు అప్పులవాడు, తీసినవాడు అప్పులవాడు. నేను అప్పుల సినిమా అంటే ఊరికే అనలేదు!

మళ్ళీ ఆ గదిలోకి వద్దాం. బొనసేరా ఒక తప్పు చేస్తాడు. ఏం తప్పు? "మీకు ఎంత ఇచ్చుకోమంటారు" అని అడుగుతాడు. పెద్దాయనకి కోపం వస్తుంది, పెద్దగా అరవడు, ఒళ్ళో పిల్లిని నిమురుతూనే ఉంటాడు. ఆ పిల్లి స్క్రిప్టులో లేదు, స్టూడియోలో తిరుగుతుంటే పట్టుకొచ్చి బ్రాండో చేతిలో పెట్టారు. మీ ఆడపిల్లకి మా ఆవిడ జ్ఞానతల్లి కదా, అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారి కాఫీకి పిలిచావా అంటాడు. అంటే ఏంటి, డబ్బు ఇస్తానంటే లెక్క అక్కడితో తెగిపోతుంది. బిల్లు కట్టినవాడు బాకీ ఉండడు. ఆయనకి కావల్సింది బాకీ. మన తెలుగులో దీనికి ఎంత మంచి మాటుందండీ, మొహమాటం. డబ్బు తీసుకుంటే మొహమాటం పోతుంది. అందుకే చెయ్యి ముద్దు పెట్టించుకుని, ఏదో ఒక రోజు, ఆ రోజు రాకనే పోవచ్చు, నీతో నాకు ఒక పని పడుతుంది అంటాడు.

ఇది ఎక్కడో న్యూయార్క్ సంగతి అనుకుంటున్నారా? నా సంగతొకటి చెప్తా, మా ఆవిడ ఇవాళ రాలేదు కాబట్టి చెప్తా. మా అమ్మాయి ఇంటర్లో ఉండగా నాకు దూరం ట్రాన్స్‌ఫర్ వచ్చింది. టెన్షన్ పడుతుంటే ఎవరో చెప్పారు, ఫలానా ఆయన దగ్గరికి వెళ్ళండి అని. ఊళ్ళో పెద్దమనిషి, తెల్ల పంచె, ఇంటి ముందు నాలుగు కుర్చీలు. వెళ్ళాను. కుర్చీ అంచునే కూర్చున్నాను. కూతురి గురించే మొదలుపెట్టాను, నేను కూడా! అంతా విని, ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడాడు. వారంలో ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. ఏమైనా ఇచ్చుకోనా అన్నట్టు నసిగితే, "ఛ ఛ, మన మధ్య అలాంటివేంటి సార్" అన్నాడు. ఎంత సంతోషపడ్డానో. సంవత్సరం దాటాక ఒక కుర్రాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు, లారీకి లోను కావాలని. కాగితాలు సగం కూడా సరిగ్గా లేవు. పైన ఒక విజిటింగ్ కార్డు పిన్ను కొట్టి ఉంది. అంతే, వెనక ఏమీ రాసి కూడా లేదు. మరి నేనేం చేశానంటారు? సంతకం పెట్టాను. అది మొండి బాకీ అయింది, దానికి నాకు మెమో వచ్చింది, అది వేరే కథ. నేను చెప్పేదేంటంటే, ఆ కార్డు చూసినప్పుడు నాకు ఎవరూ కనపడలేదు, బొనసేరాయే కనపడ్డాడు.

ఆ బాకీ సినిమాలో ఎలా తీరుతుంది? అక్కడే నాకు ఈ సినిమా అంటే గౌరవం. మనమైతే ఎవరినో చంపమని అడుగుతాడనుకుంటాం. పెద్ద కొడుకు సానీని టోల్‌గేటు దగ్గర జల్లెడలాగా కాల్చేస్తారు. ఆ రాత్రి పెద్దాయన శవాన్ని తీసుకుని బొనసేరా దగ్గరికి వస్తాడు. దుప్పటి తీసి, నా బిడ్డని ఎలా చేశారో చూడు అంటాడు. వీళ్ళమ్మ వీణ్ణి ఇలా చూడకూడదు, నీ చేతిలో ఉన్న విద్యంతా పెట్టు అంటాడు. అంతే, అడిగింది అది. కూతురి దవడ కోసం వచ్చిన తండ్రి, కొడుకు మొహం కోసం వచ్చిన తండ్రి. బల్ల అదే, కుర్చీలు మారాయి.

మొదట్లో పెద్దాయన కూతురు కోనీ పెళ్ళి జరుగుతుంటుంది కదా, బొనసేరా వచ్చిందీ ఆ రోజే. ఆ పెళ్ళి సీన్లో ఇంకొకడు వస్తాడు గుర్తుందా, రొట్టెల కొట్టాయన. మన ఇటలీ కుర్రాడొకడు, ఎంజో, యుద్ధ ఖైదీగా వచ్చాడు, వెనక్కి పంపేస్తున్నారు, మా అమ్మాయికీ వాడికీ పెళ్ళి చేయాలి, ఆపించండి అని అడుగుతాడు. పని జరుగుతుంది. ఇది మనం మర్చిపోతాం. పెద్దాయన ఒంటి నిండా గుళ్ళతో ఆస్పత్రిలో ఉంటే, కాపలావాళ్ళని తరిమేస్తే, చిన్న కొడుకు మైకేల్ ఒక్కడే ఉంటే, అప్పుడు చేతిలో పూలగుత్తితో మెట్లెక్కి వచ్చేది ఎవరు? ఆ ఎంజోయే. పలకరించడానికి వచ్చాడు పాపం. మైకేల్ వాడి చేతిలో పూలు తీసి పారేసి, కోటు కాలర్ పైకెత్తి, చెయ్యి జేబులో పెట్టుకో, లోపల తుపాకీ ఉన్నట్టు నిలబడు అంటాడు. రొట్టెలు చేసుకునేవాడు. గుమ్మం ముందు ఇద్దరూ నిలబడతారు. కారొకటి వచ్చి నెమ్మదిస్తుంది, చూస్తుంది, వెళ్ళిపోతుంది. అప్పుడు ఎంజో సిగరెట్టు తీస్తాడు, వెలిగించుకోలేడు, చేతులు గజగజ. మైకేల్ లైటర్ తీసుకుని వెలిగించి ఇస్తాడు. ఇచ్చి, ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకుంటాడు. వణకడం లేదు.

ఒక్క డైలాగు లేదక్కడ. నన్నడిగితే ఆ సినిమా మొత్తంలో మైకేల్ మారిపోయిన చోటు అదే. తర్వాత రెస్టారెంట్లో, తండ్రిని కాల్పించిన సొలోజోనీ పోలీసు కెప్టెన్‌నీ కాల్చడం మీకందరికీ ఇష్టమైన సీను, నాకు తెలుసు, ఆ రైలు చప్పుడు పెరిగి పెరిగి చెవులు పగిలిపోతాయి. అక్కడ వాళ్ళు మాట్లాడే ఇటాలియన్‌కి కింద తర్జుమా కూడా వేయలేదు, ఎందుకంటే ఆ టైములో మైకేల్‌కి మాటలు వినపడుతున్నాయా ఏంటి? మైకేల్ వేషం వేసిన ఆల్ పచీనోని తీసేయమని స్టూడియోవాళ్ళు గోల పెడుతున్న రోజులవి, ఆ సీను చూశాకే నోళ్ళు మూతపడ్డాయంటారు. బాగుంది. కానీ ఆస్పత్రి గుమ్మంలోనే అయిపోయింది పని.

ఇంకో చిన్న లెక్క చెప్తా, బ్యాంకువాణ్ణి కదా, వదలబుద్ధి కాదు. పెళ్ళిలో మైకేల్ తన ప్రేయసి కేకి ఒక కథ చెప్తాడు. పాటగాడు జానీకి ఒక బ్యాండు యజమానితో కాంట్రాక్టు ఉంది, వాడు వదలట్లేదు. మా నాన్న వెళ్ళి 10,000 డాలర్లు ఇస్తానన్నాడు, ఒప్పుకోలేదు. మర్నాడు లూకా బ్రాసీ అనే వస్తాదుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. గంటలో సంతకం అయిపోయింది, 1,000 డాలర్ల సర్టిఫైడ్ చెక్కుకి. గమనించారా? తుపాకీ తలకి పెట్టిన తర్వాత కూడా వెయ్యి ఇచ్చాడు. ఊరికే రాయించుకోవచ్చు, రాయించుకోడు. అదీ సర్టిఫైడ్ చెక్కు, బౌన్సయ్యే పనే లేదు. రికార్డులో చూస్తే పద్ధతిగా జరిగిన బేరం. మైకేల్ అంతా చెప్పి, అది మా ఇంటివాళ్ళు, నేను కాదు అంటాడు. ఒంటి మీద మిలటరీ యూనిఫాం. అప్పటికి నిజమే చెప్తున్నాడు పాపం.

ఇప్పుడు నేను కాస్త తగాదా పెట్టుకుంటాను సినిమాతో. పోయిన వారం చూశాక మన మాస్టారు అన్నారు, ఎంత హుందా అయిన మనుషులండీ అని. అనిపిస్తుంది. ఎందుకనిపిస్తుంది? మనం ఎప్పుడూ ఆ ఇంట్లోనే ఉంటాం కాబట్టి. గోర్డన్ విల్లిస్ అని కెమెరామెన్, దీపాలు నెత్తి మీద పెట్టాడు, కనుబొమల నీడ కళ్ళ మీద పడి పెద్దాయన కళ్ళే కనపడవు. సినిమా చీకటిగా ఉందని స్టూడియోలో గొడవ కూడా పెట్టారు. బయట పెళ్ళిలో ఎండ, లోపల గదిలో చీకటి, కానీ ఆ చీకట్లో మనకి భయం వేయదు, చలువగా ఉంటుంది. ఈ కుటుంబానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో, జూదంలో ఎవడి ఇల్లు పోయిందో, ఏ కొట్టువాడు నెలనెలా భయపడుతూ కవరు ఇస్తున్నాడో మొదటి భాగంలో ఒక్క మొహం కూడా చూపించరు. మాఫియా అన్న మాట కూడా ఉండదు సినిమాలో, తెలుసా? న్యూయార్క్‌లో జోసెఫ్ కొలంబో అనే ఆయన మా ఇటాలియన్ల పరువు తీస్తున్నారని సంఘం పెట్టి ఉద్యమం చేస్తే, నిర్మాత ఆల్బర్ట్ రడ్డీ కూర్చుని మాట్లాడి ఆ మాట తీసేస్తామని ఒప్పుకున్నాడు. ఆ కొలంబో ఎవరు? అసలు సిసలు మాఫియా కుటుంబం పెద్ద! 1971 జూన్‌లో, సినిమా పని ఇంకా సాగుతుండగానే, ఆయన మీద తన సభలోనే జనం మధ్య కాల్పులు జరిపారు. ఇలాంటిది సినిమాలో పెడితే అతి అంటాం.

అందుకని బల్లకి అటుపక్కవాడొకణ్ణి నేను చెప్తా. ఇటలీలో, సిసిలీ దీవిలో, పలెర్మో అనే ఊళ్ళో లిబెరో గ్రాస్సి అని ఒక వ్యాపారి ఉండేవాడు, నైటుడ్రస్సులు, లోదుస్తులు కుట్టించే ఫ్యాక్టరీ. అక్కడ మాఫియా దండుకునే మామూలుని పిజ్జో అంటారు. కట్టమన్నారు, కట్టనన్నాడు. 1991 జనవరిలో అక్కడి పత్రికలో ఒక ఉత్తరం అచ్చు వేయించాడు, ఎవరికి? దండుకునేవాడికే. ప్రియమైన దోపిడీదారు గారికి అన్నట్టు మొదలవుతుంది. తోటి వ్యాపారులు కలిసి రావాలి కదా, రాలేదు, పైగా అనవసరంగా ఊరి పేరు పాడుచేస్తున్నాడన్నారు. అదే ఏడాది ఆగస్టు 29 పొద్దున ఇంటి దగ్గర కాల్చి చంపారు. తర్వాత చాలా ఏళ్ళకి, 2004లో, ఒకరోజు తెల్లారేసరికి పలెర్మో వీధుల్లో గోడల నిండా స్టిక్కర్లు, పిజ్జో కట్టే జనం పౌరుషం లేని జనం అని. కుర్రాళ్ళు అంటించారు. నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ పెద్దాయన గొంతు విని కరిగిపోతాను, ఇప్పటికీ, అదే నిజం. కానీ ఇంటికెళ్ళేటప్పుడు ఈ గ్రాస్సి కూడా గుర్తొస్తాడు. రెండూ ఉంటాయి, ఏం చేస్తాం.

సరే, జ్ఞానతండ్రి దగ్గరికి వస్తానన్నాను కదా.

చెల్లెలు కోనీకి కొడుకు పుట్టాడు. మైకేల్ జ్ఞానతండ్రి. చర్చిలో ఆర్గాన్ మోగుతుంటుంది, ఫాదర్ లాటిన్లో మంత్రాలు, బిడ్డ నెత్తి మీద నీళ్ళు. ఆ చంటిబిడ్డ కొప్పోలా సొంత కూతురు సోఫియా, మూడు వారాల పిల్ల అప్పటికి. సైతానుని వదులుకుంటావా అని ఫాదర్ అడుగుతాడు, వదులుకుంటాను అంటాడు మైకేల్, అదే సమయంలో ఊళ్ళో మెట్ల మీద, లిఫ్టులో, మసాజ్ బల్ల మీద న్యూయార్క్ అయిదు మాఫియా కుటుంబాల లెక్కలు తేలుతుంటాయి. ఇదంతా ప్రపంచం మొత్తం పొగిడిన సీను, నేను కొత్తగా పొగిడేదేం లేదు. నాకు గుచ్చుకునేది ఒక్కటే. చర్చి అయ్యాక, అదే రోజు, ఆ బిడ్డ కన్నతండ్రి కార్లోని కారెక్కించి చంపిస్తాడు. వాడేం మంచివాడు కాదు, సానీని పట్టిచ్చింది వాడే. కానీ నీకు దిక్కుగా ఉంటానని పొద్దున దేవుడి ముందు మాటిచ్చింది ఎవరికి? ఆ బిడ్డకి. సినిమా పేరు ఈ ఒక్క రోజుకి పెట్టిన పేరు అనుకుంటా నేను.

ఇంకొకడున్నాడు, టెసియో. నాన్నతో కలిసి ఎదిగినవాడు, పాతకాపు. ద్రోహం చేసి దొరికిపోయాడు. ఇంటి వాకిట్లో మనుషులు చుట్టూ చేరతారు. అప్పుడు లాయరు టామ్‌తో అంటాడు, పాత రోజులు గుర్తుపెట్టుకుని నన్ను బయటపడెయ్యగలవా టామ్ అని. కుదరదు అంటాడు టామ్. అంతే. ఆ మాట ఎంత మెల్లగా అంటాడో చూడండి ఈసారి. మొదట్లో పెళ్ళి రోజున ఎవరడిగినా కాదనకూడదని కూర్చున్న ఇల్లు అది, అదే వాకిలి. తండ్రి కూడా హంతకుడే, ఆయన్ని నేను వెనకేసుకు రావట్లేదు. కానీ తండ్రి మనుషుల్ని బాకీ పెట్టుకుని బతికాడు, కొడుకు బాకీలన్నీ ఒక్క రోజులో కొట్టేశాడు. మా భాషలో చెప్పాలంటే ఖాతాలు మూసేశాడు. ఖాతా మూసేశాక ఆ మనిషికీ నీకూ ఇంకేముంటుంది?

చివరికి అడగడానికి వచ్చేది ఎవరు? పెళ్ళాం. కార్లోని చంపించావా అని కే అడుగుతుంది. నా వ్యవహారాలు అడగొద్దంటాడు, బల్ల మీద గట్టిగా చరుస్తాడు. మళ్ళీ తగ్గి, సరే, ఈ ఒక్కసారికి అడుగు అంటాడు. అడుగుతుంది. లేదు అంటాడు. సూటిగా కళ్ళలోకి చూసి, లేదు అని. ఆ పిల్ల నమ్మేసింది, గట్టిగా కౌగిలించుకుంటుంది, ఇద్దరికీ ఏదన్నా కలుపుకొస్తానని బయటి గదిలోకి వెళ్తుంది. అక్కడ నుంచి వెనక్కి తిరిగి చూస్తే, లోపల మనుషులొచ్చి మొగుడి చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నారు. తలుపు మూసుకుంటుంది.

పోయిన వారం అది చూసి ఇక్కడ అందరూ "పాపం ఆ అమ్మాయి మొహం మీద తలుపు వేశారు" అన్నారు. నిజమే. కానీ తలుపు వేసేటప్పుడు కెమెరా ఎక్కడుంది? ఎవరన్నా చూశారా? ఆ పిల్ల మొహం మనకి ఎదురుగా కనపడుతోంది. మనం ఆమె పక్కన లేం. మనం గదిలో ఉన్నాం. మొదటి సీన్లో పెద్దాయన భుజం వెనక కూర్చోబెట్టాడని చెప్పానే, మూడు గంటలైనా అక్కడ్నుంచి మనం లేవలేదు. ఆమెని బయట పెట్టి, మనల్ని లోపలే ఉంచి తలుపు వేశారు.

మనవాళ్ళు ఈ కథని ఎన్నిసార్లు తీశారో చెప్పనక్కర్లేదు. నాయకుడు అని 1987లో మణిరత్నం, కమల్‌హాసన్‌ల సినిమా తెలుగులోకి డబ్ అయి వచ్చింది చూశారు కదా, మన రామ్‌గోపాల్‌వర్మ 2005లో హిందీలో సర్కార్ తీసి, ఇది దానికి నా నమస్కారం అని ముందే తెర మీద వేసుకున్నాడు, దాచుకోలేదు. మనవాళ్ళకి ఇంతగా ఎందుకు ఎక్కిందంటే, మన ఊళ్ళల్లో ఆ నాలుగు కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి. దీని గురించి గంట మాట్లాడొచ్చు, మాట్లాడను, రెండో భాగం పెద్ద సినిమా.

రెండో భాగం, 1974. మొదటిదానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వస్తే, దీనికి ఆరు ఆస్కార్లు, మళ్ళీ ఉత్తమ చిత్రం. రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి, మైకేల్ పడిపోయేదీ, వాళ్ళ నాన్న పైకొచ్చిందీ. కథ చెప్పను, కానీ కుర్ర విటోగా రాబర్ట్ డి నీరో వచ్చినప్పుడు మూడు చోట్ల కళ్ళు పెట్టి చూడండి.

ఒకటి, కిరాణా కొట్లో ఉద్యోగం పోతుంది. కొట్టు యజమాని పాపం అనిపించి సామాన్లు పెట్టిన పెట్టె ఒకటి ఇవ్వబోతాడు. తీసుకోడు. మర్యాదగా వద్దంటాడు. ఇంటికొచ్చి పెళ్ళాం ముందు ఒక్క బేరిపండు పెడతాడు బల్ల మీద, అదే ఆ రోజు సంపాదన. ఎవరికీ బాకీ లేని మనిషి, చూడండి ఎంత తేలిగ్గా ఉంటాడో.

రెండోది, పక్కింటి క్లెమెంజా కిటికీలోంచి ఒక మూట విసురుతాడు, దాచిపెట్టు అని. దాచిపెడతాడు, విప్పి చూసి కూడా నోరెత్తడు. దానికి బదులుగా క్లెమెంజా ఒక తివాచీ ఇప్పిస్తానంటాడు. ఆ తివాచీ ఎవరిదో, ఎలా వస్తుందో మీరే చూడండి.

మూడోది, కుక్కపిల్ల ఉన్న ఒక ముసలావిడ. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. విటో వెళ్ళి నడివీధిలో ఆ ఓనరుతో ఎంతో వినయంగా మాట్లాడతాడు, ఓనరు కసురుకుని పోతాడు. తర్వాత ఇతనెవరో ఎవరినో అడిగి తెలుసుకుని, పరిగెత్తుకుంటూ వస్తాడు ఆఫీసుకి. ఉండమనండి అంటాడు, అద్దె పాతదే అంటాడు, విటో మాట్లాడడు, అయిదు డాలర్లు తగ్గిస్తానంటాడు, అప్పుడూ మాట్లాడడు, పది అంటాడు. వెళ్ళిపోదామని చూస్తే తలుపు గడియ రాదు, ఆ గాభరాలో. నవ్వొస్తుంది మీకు, నాకూ వచ్చింది, హాలు హాలంతా నవ్వుతుంది అక్కడ. నవ్వేటప్పుడు బల్లకి ఏ పక్క కూర్చుని నవ్వుతున్నారో కాస్త చూసుకోండి.

ఇంక నేను దిగుతా. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా, బాత్రూముకి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి. టీ కప్పులు ముందు వరసకి అందలేదమ్మా, ఇటు పంపండి. డబ్బులు ఆ డబ్బాలో వేయాలి, పది రూపాయలు. వేసేయండి, బాకీ పెట్టకండి.